పులికి గొంతిచ్చిన అత్త

ఎదురింట్లో మేకకాళ్లు ఉడుకుతున్నాయంటే నేను మా ఇంట్లో నిలవలేను. కాలిన వెంట్రుకల కమురు, దాని వెనకే జిగురు వాసన గోడ దాటి రాగానే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వీధి చివరిదాకా పోయి నిలబడతాను. "పులుసు వాసనకు లొట్టలేసేవాళ్లను చూసినా గానీ, పారిపోయేదాన్ని నిన్నే చూస్తుండా" అని ఎదురింటామె ఎగతాళి చేస్తుంది. చేయనీ. ఈ ఆత్మకూరులో మా అత్తను చూసినవాళ్లు ఎవరూ మిగల్లేదు, ఆమెకేం తెలుస్తుంది? అందుకే నేను చెబుతుంటే నా మనవరాలు రాస్తోంది. తప్పులుంటే దానివి, కోపముంటే నాది.

మా అత్త పేరు బాయమ్మ. మాది తోలుబొమ్మలాడించే ఇల్లు, ఉదయగిరి కొండ కింద గుడిసె. నేను కోడలిగా వచ్చేనాటికే మామ పోయాడు. మేళాన్ని నడిపేది అత్తే. రాముణ్ణీ కృష్ణుణ్ణీ అందరూ ఆడించేవారు గానీ, మా అత్త పేరు మోగింది మృగాల ఆటతో. కొండమీది కోటలో ఒక పెద్దపులి కాపురముంటుంది. ఎలుగుబంటి, అడవిపంది, మొసలి దానికి బంట్లు. అన్నీ కలిసి కింద ఉన్న ఊరిని కొంచెం కొంచెంగా తినేస్తాయి. అదీ కథ, ఆమె సొంతంగా అల్లుకున్నది. వింజమూరు నుంచి కలువాయి దాకా జనం తాంబూలమిచ్చి మరీ మమ్మల్ని పిలిపించుకునేవారు. ఎందుకయ్యా అంటే, భయపడి చావడానికి! తెర వెనక ఆముదపు దీపం ముందుకు పులి వచ్చేసరికి మీసాలు మెలేసే మోతుబరులు కూడా పక్కవాడి భుజం పట్టుకునేవారు.

పులిని మొదటిసారి నా చేతికిచ్చిన రోజు నేను దాన్ని ఒక్కసారిగా తెరకు కొట్టి దడదడలాడించాను. జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. నాకు తల కొట్టేసినట్లయింది. మర్నాడు పొద్దున అత్త నన్ను కూర్చోబెట్టింది.

"పులిని అట్లా ఎగేసి చూపిస్తే పిల్లి అయి కూర్చుంటాది మ్మే. ముందు మేకల్ని చూపించు. మేస్తా మేస్తా అవి తలెత్తాల. అంతే. పులిని జనమే చూస్తారు."

"మరి పులెప్పుడు రావాల అత్తా?"

"ఇంక రాదులే అని వాళ్లనుకున్నప్పుడు."

గొంతు మాత్రం ఎవరికీ ఇచ్చేది కాదు. నాలుగు మృగాలకూ తనదే గొంతు. ఖాళీ కుండలో మూతి పెట్టి గాండ్రించిందంటే కట్టేసిన ఎద్దులు పలుపులు తెంపుకోవాల్సిందే. చూస్తే పిడికెడు మనిషి, ఆ గొంతు ఎక్కడ దాచుకునేదో! ఆట అయ్యాక పులిని గుడ్డతో తుడుస్తూ "అలిసిపోయినావా తల్లీ" అని గొణుక్కునేది. ఏ బొమ్మకు ఎవరు గొంతిస్తే వాళ్లే దానికి తల్లి అని మా ఇళ్లలో ఒక పట్టింపు. బొమ్మ పాతబడి చిరిగినా పారేయకూడదు, కాల్చకూడదు. నీళ్లు పోసి, పసుపు కుంకుమ పెట్టి, పెన్నేటి పారే నీళ్లలో వదలాలి. దేవుళ్లయినా అంతే, మృగాలయినా అంతే. కాకపోతే దేవుళ్లది పెట్టె, మృగాలది వేరే మూట.

అప్పుడు వచ్చింది ధాత నామ సంవత్సరపు కరువు. వానలు లేవు, పంటలు లేవు, మమ్మల్ని పిలిచే ఊరు లేదు. జనానికి భయం కొనుక్కోవాల్సిన అవసరమే లేకుండా పోయింది, ఇంటింటా ఊరికే దొరుకుతుంటే. నా కూతురు సీతి అప్పుడు చంకబిడ్డ. నా మొగుడు సముద్రం వైపు కాలవ తవ్వే పనికి పోతానని పోయాడు. అక్కడే వాంతి భేదులతో పోయాడని చాన్నాళ్లకు తెలిసింది.

ఒక పొద్దున నేనూ అత్తా నీళ్లకని పోతే, ఎండిన దిగుడుబావి మెట్ల మీద నిజమైన చిరుతపులి కూర్చుని ఉంది. కొండ దిగి వచ్చింది. ఎముకలు లెక్కపెట్టొచ్చు. అడుగున బురదను నాకుతోంది. మమ్మల్ని చూసింది, లేవలేదు. నేను కడవ వదిలేసి వెనక్కి తిరిగాను గానీ అత్త కదల్లేదు.

"పాపం మ్మే, దానికీ కరువే" అంది. "ఇన్నేళ్లూ దీన్ని చెడ్డదాన్ని చేసి మనం కడుపు నింపుకున్నాం గదా."

ఆత్మకూరులో గంజి పోస్తున్నారని విని బయలుదేరాం. దేవుళ్ల పెట్టెను తెలిసినవాళ్లింట పెట్టి, మృగాల మూటను అత్త నెత్తికెత్తుకుంది. "చిరుగులు పడినాయి, వీటినీ సాగనంపుదాం" అంది. తీరా వస్తే పెన్నలో సాగనంపడానికి ఏముంది? ఎటు చూసినా ఇసక. గంజి దగ్గర జనం తండోపతండాలు, మా వంతు వచ్చేసరికి గరిటె అడుగును గీకుతోంది. ఏటి ఇసకలోనే నాలుగు కంపలు అడ్డం పెట్టుకుని దిగాం. మా పక్కన కలువాయి నుంచి వచ్చిన కోటమ్మ అనే ఒంటరి ఆడమనిషి. నా రొమ్ముల్లో పాలు ఆగిపోయాయి. సీతి ఏడ్చి ఏడ్చి, ఒక మధ్యాహ్నం ఏడుపు మానేసింది. ఏడ్చే బిడ్డతో బాధ లేదు. ఏడుపు మానిన బిడ్డ ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తూ కూర్చున్నాను.

అత్త మూట విప్పింది. అడవిపందిని తీసి, గవ్వతో రంగు గీకడం మొదలుపెట్టింది.

"ఏంది అత్తా నువ్వు చేసేది?"

"మేకతోలే గదా మ్మే. ఉడికితే జిగురు దిగుతాది."

"పాపం చుట్టుకుంటాది! పెన్నలో వదలాల్సినవి!"

"పెన్న యాడుండాదే వదిలేదానికి? చుట్టుకుంటే నాకు చుట్టుకుంటాదిలే. బిడ్డను పట్టుకో."

చెలమ తవ్వి ఊరిన నీళ్లు కుండలో పోసింది. అడవిపంది ముక్కలు ముక్కలై చాలాసేపు ఉడికింది. చల్లార్చి, వేలితో బిడ్డ నోట్లో పెట్టింది. సీతి వేలిని చప్పరించింది. నేను వెక్కి వెక్కి ఏడ్చాను.

ఆ తరవాత ఎలుగుబంటి. ఆ తరవాత మొసలి. ప్రతిసారీ నేను "నువ్వు తాగు అత్తా" అనేదాన్ని. "మీరు లేవకముందే తాగినాలే మ్మే. నీకు పాలు పడాల, నువ్వు తాగు" అని అరచేత్తో మూతి తుడుచుకునేది. ఒకసారి బ్రేవుమని తేన్చింది కూడా! నేను నమ్మాను. పులిని ఉడికించిన రోజు మాత్రం అటు తిరిగి కూర్చుంది. ఇష్టమైన బొమ్మ కదా, బాధపడుతోందనుకున్నాను. ఆ రోజే నా రొమ్ములో తడి కనబడింది. సీతి తాగి, ఏడ్చింది. ఎంత గట్టిగా ఏడ్చిందంటే చుట్టుపక్కలవాళ్లు లేచి చూశారు. అత్త నవ్వింది. "గొంతుండాది బిడ్డకు" అంది.

రెండు రోజులకు ఆమె లేవలేదు. పిలిచాను, కదిపాను. ఎత్తబోతే సీతికంటే బరువు లేనట్లు పైకి వచ్చింది. అప్పుడు కోటమ్మ నా భుజం మీద చెయ్యేసి చెప్పింది.

"ఆమె ఒక్క గుక్క తాగలా తల్లీ. తన వాటా మళ్లీ నీ కుండలోనే పోసేది. నేను చూసి అడిగినా. 'గొంతిచ్చిన నోరక్కా, బిడ్డను తిన్నట్టుంటాది. కోడలికి చెప్పబాకు, అదీ తాగడం మానేస్తాది' అనింది. ఒట్టేయించుకునింది."

ఆ రోజు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఇప్పటికీ ఉంది. చచ్చేముందు కూడా నన్ను జనంలో కూర్చోబెట్టి ఆట చూపించి పోయిందే! నా ఎదురుగా ఒక్క మాట అని ఉంటే పోట్లాడేదాన్ని, కాళ్లు పట్టుకునేదాన్ని, బలవంతాన నోట్లో పోసేదాన్ని. కోటమ్మా నేనూ ఇసకలో గుంట తీసి పడుకోబెట్టాం. తరవాత గంజి దొరికింది, వానలూ పడ్డాయి. సీతి బతికింది, పెరిగింది, పిల్లల్ని కన్నది.

మా గడప తొక్కినవాళ్లెవరైనా సరే, "తినొచ్చినాలే" అంటే నేను ఒప్పుకోను. ఆకు వేసి ఎదురుగా కూర్చుంటాను. ముద్ద గొంతు దిగేదాకా కళ్లార్పకుండా చూస్తాను. అల్లుడు చాదస్తమంటాడు, సీతి కూడా విసుక్కుంటుంది. విసుక్కోనీ. తిన్నానని ఎంత బాగా చెప్పొచ్చో వాళ్లకు తెలియదు. నేను ఒకసారి నమ్మాను.