దిగుండ్రి కిష్టయ్య కొత్త కారు

మా చెల్లెలిని మిర్యాలగూడ మిల్లువాళ్ళకిచ్చాం. దాని గడప తొక్కి ఏళ్ళయింది. అలిగి కాదు, కోదాడ నుంచి అక్కడికి నడిచే కిష్టయ్య టాక్సీకి భయపడి! దారిలో వాగు దాటి ఎత్తు ఎక్కాలంటే ఇంజను రొప్పేది. "జర దిగుండ్రి" అనేవాడు. అందరం నడిచి ఎక్కాలి. నా మోకాళ్ళు మావల్ల కాదన్నాయి. ఆయనకేమో దిగుండ్రి కిష్టయ్య అనే పేరు స్థిరపడిపోయింది.

ఈసారి చెల్లెలి మనవడి బారసాల. కిష్టయ్య కొత్త కారు కొన్నాడని విని, సూర్యాపేటలో ఆరింటి బస్సెక్కాను. కోదాడలో దిగి, బస్టాండు పక్క హోటల్లో ఇడ్లీ తిని బయటికొస్తే ఎదురుగా కారు. అదే నలుపు, అదే ఆకారం.

"గిది కొత్తదా కిష్టయ్యా?"

"పైకి గంతే అక్కా. ఇంజను మార్చిండ్రు. పాతదాంట్ల వాల్వులు ఇంజను పక్కకుంటుండె, దీంట్ల నెత్తిమీద ఉంటయ్. మస్తు గుంజుతది."

"వాల్వులు ఎక్కడుంటే ఏంది, మోకాళ్ళు నావేనాయె" అంటూ ముందు సీట్లో కూర్చున్నాను. వెనక కోదాడ ఎరువుల షావుకారు, ఇంకో ఇద్దరు.

హుజూర్‌నగర్ దగ్గర సాగర్ కాలువ తవ్వుతున్నారు, దారంతా దుమ్ము. అయినా మామూలు గొంతుతో మాట్లాడుకున్నాం. పాతదాంట్లో అరవాల్సి వచ్చేది. రేడియేటర్‌లో నీళ్ళు పోయడానికి ఎక్కడా ఆగలేదు.

వాగు దాటగానే కిష్టయ్య గేరు మార్చడానికి వేగం తగ్గించాడు. అంతే, వెనక తలుపులు తెరుచుకున్నాయి. ముగ్గురూ పంచెలు ఎగ్గట్టి దిగేశారు. అలవాటు మరి!

"అయ్యో, నేను దిగుమన్ననా? కూసోండ్రి!" కిష్టయ్యకు ఏడుపొక్కటే తక్కువ.

"నీ కారు సంగతి మాకు తెలీదా ఏంటయ్యా, పోనీ" అన్నాడు షావుకారు.

నాకు ఒళ్ళు మండింది. ఖాళీ కారు ఎత్తెక్కితే కిష్టయ్య పేరు మారుతుందా? "ఎక్కుండ్రి! బారసాల దాటిపోతే మీరు జవాబు చెప్తరా?" అన్నాను. సణుగుతూ ఎక్కారు. నిండు బరువుతో కారు ఎక్కడా రొప్పకుండా ఒక్క ఊపున గట్టెక్కింది. సిగ్గు విడిచి చప్పట్లు కొట్టాను. పసివాడికి పేరు పెట్టేవేళకు వాడు నా ఒడిలోనే ఉన్నాడు.

సాయంత్రం తిరుగు ప్రయాణంలోనూ ఆ షావుకారు మాతోనే వచ్చాడు. వాగు అవతలి ఎత్తు దగ్గర, కారు మారిందని తెలియని ప్రయాణికుడొకాయన పాత అలవాటున దిగబోతూ తలుపు మీద చెయ్యి వేశాడు. షావుకారు ఆ చెయ్యి పట్టుకుని, తన కోదాడ యాస పక్కనపెట్టి కిష్టయ్య యాసలోనే "కూసోండ్రి!" అన్నాడు. కిష్టయ్య నవ్వుతూ గేరు మార్చాడు.

మీరెప్పుడైనా మిర్యాలగూడ వెళ్ళాలంటే, కోదాడ బస్టాండులో కూసోండ్రి కిష్టయ్య ఎక్కడని అడగండి.