దీపం సర్దిన చెయ్యి

బోనం నెత్తిమీంచి దించి చాలా ఏళ్ళయింది. దాని బరువు మాత్రం ఇంకా దిగలేదు. మెడలో ఉంది. ఎడమ చేతి వేళ్ళలో ఉంది. ఎవరైనా నా ముందు దీపం వెలిగిస్తే ఆ వేళ్ళు వాటంతటవే ముడుచుకుంటాయి. ఎందుకో ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను, ఎందుకంటే మీరు నన్ను ఎరగరు, నా ముఖం చూడరు. జాలి మాత్రం పడకండి. జాలిపడితే నాకు ఒళ్ళు మండుతుంది.

మాది శామీర్‌పేట చెరువు కింద కాస్త వరిపొలం ఉన్న ఇల్లు. నిజాం రోజులు. ఎక్కడో యుద్ధం నడుస్తోంది. దండు లారీలు బొల్లారం వైపు పోతుంటే పిల్లలు దుమ్ములో నిలబడి చూసేవాళ్ళు. ఇంట్లో అత్త, నా భర్త, మరిది సాయిలు, సాయిలు భార్య యాదమ్మ, నేను, నా ఇద్దరు కొడుకులు. చిన్నవాడు ఇంకా పాలు తాగుతున్నాడు. యాదమ్మ నన్ను అక్కా అనేది. నేను యాదీ అని పిలిచేదాన్ని.

ఆ ఎండాకాలం యాదమ్మకు ఆడపిల్ల పుట్టింది. పుట్టిన కొద్ది రోజులకే తల్లి మారిపోయింది. నిద్రపోయేది కాదు. ఒళ్ళో పిల్లను చూసి ఇది నా పిల్ల కాదు, ఎవరో మార్చారు అనేది. గోడ మీద చీమలు పాకుతున్నాయని కొంగుతో తుడిచేది. గోడ మీద ఏమీ ఉండేవి కావు. గాలి సోకిందని వాడంతా అన్నారు. సాయిలు మాత్రం కూరగాయలు వేసుకుని మేడ్చల్ స్టేషన్‌కు పోయినప్పుడు, అక్కడ చర్చి పక్కన మందులిచ్చే నర్సమ్మను అడిగి వచ్చాడు. దయ్యమూ లేదు, గాలీ లేదు, కొందరు బాలింతలకు తలలో అట్లా అవుతుంది, ఒంటికి జ్వరం వచ్చినట్టే అని ఆమె చెప్పిందట. నిద్ర పట్టించాలి, తినిపించాలి, పక్కన ఎప్పుడూ ఒక మనిషి ఉండాలి, తగ్గుతుంది, తీసుకొస్తే నా దగ్గర కొన్నాళ్ళు ఉంచుకుంటాను అందట. అత్త కూడా సరేనంది. బోనాల మర్నాడు బండి కట్టాలనుకున్నారు.

నాకు కోపం వచ్చింది.

ఎందుకు వచ్చింది? ఈ ప్రశ్నను ఇన్నేళ్ళు తిప్పి తిప్పి చూశాను. నాట్లప్పుడు ఆమె పని కూడా నా మీద పడుతుందని అనుకున్నానా? అదీ ఉంది. కానీ అసలు సంగతి వేరు. నా పెద్దకొడుకు పుట్టినప్పుడు నాకూ అట్లాంటిదే అయింది. వాడు నా పక్కనే ఏడుస్తుంటే ఆ ఏడుపు పక్కింటి నుంచి వస్తున్నట్టు వినబడేది. అన్నం నోట్లో మట్టిలా ఉండేది. ఆ సంగతి అత్తకు చెబితే, "పని లేక గియన్ని మోపైతయి, పో, నారు వీకు" అంది. పోయాను. మోకాలి లోతు బురదలో నిలబడి, ఎందుకు ఏడుస్తున్నానో తెలియక ఏడ్చాను. ఎవరూ మేడ్చల్ పోలేదు. ఎవరూ ఎవర్నీ అడగలేదు. ఇప్పుడు యాదమ్మకు బండి. యాదమ్మకు నర్సమ్మ. యాదమ్మ పక్కన మనిషి. ఆ కోపం అత్త మీద చూపించాలి. చూపించే ధైర్యం లేదు. అందుకని అది దారి మార్చుకుని తనకన్నా బలహీనమైనదాన్ని వెతుక్కుంది.

ఇక్కడ ఇంకో మాట చెప్పాలి. నాకు అమ్మవారు వచ్చేది. పెళ్ళికి ముందు నుంచే, డప్పు గట్టిగా మోగితే నా ఒళ్ళు నాది కాకుండా పోయేది. మా దగ్గర దాన్ని శిగం ఊగడం అంటారు. మొదట్లో అది నిజం. నేను ఏం మాట్లాడానో తర్వాత ఎవరో చెబితే తప్ప నాకు తెలిసేది కాదు. ఏమైనా కావచ్చు, నటన మాత్రం కాదు. కానీ చూడండి, ఏడాదంతా ఆ ఇంట్లో నా మాటకు పిడికెడు తవుడంత విలువ లేదు. శిగమూగిన ఆ ఒక్కరోజు మాత్రం అత్త నా కాళ్ళకు పసుపునీళ్ళు పోసి, "ఏం తక్కువ జేసినం తల్లీ, చెప్పు" అని వంగి అడిగేది. నా భర్త చేతులు కట్టుకుని నిలబడేవాడు. మనసు ఇది మరిచిపోతుందా? ఏ తలుపు తడితే తెరుచుకుంటుందో అది గుర్తు పెట్టుకుంటుంది.

ఆ ఆషాఢం పోచమ్మకు బోనాలు తీశాం. నా నెత్తిమీద బోనం, దాని మీద దీపం, చుట్టూ వేపమండలు. డప్పులు మోగాయి. ఒళ్ళు ఊగడం మొదలైంది. జుట్టుముడి విడిపోయింది. అంతవరకు ఎప్పటిలాగే ఉంది. యాదమ్మను గోడవారగా కూర్చోబెట్టారు. పిల్ల అత్త ఒళ్ళో ఉంది. యాదమ్మ ముఖాన్ని సాయిలు తన కండువాతో తుడుస్తున్నాడు, మెల్లగా, పసిపిల్లకు తుడిచినట్టు. అది చూశాను. చూసిన క్షణంలోనే నాలోంచి అమ్మవారు వెళ్ళిపోయింది. వెళ్ళిపోయిందని నాకు తెలుసు. ఊగడం మాత్రం ఆపలేదు.

అప్పుడే దీపం జారింది. నూనె చెంప మీద పడింది. నేను కళ్ళు పైకి తిప్పి ఊగుతూనే, ఎడమ చేతిని పైకెత్తి, ప్రమిదను వేళ్ళ కొసలతో పట్టుకుని బోనం నడుమకు సరిగ్గా జరిపాను. జరిపి, ఆ తర్వాత అరిచాను.

"గీ పిల్ల నాది! దీని తల్లి చెయ్యి దీని మీద వడొద్దు. తల్లిని పొలిమేర దాటియ్యండ్రి. నేను రమ్మన్నదాంక మళ్ళ తేవొద్దు. పిల్ల గీ ఇంట్ల నా నీడకు ఉండాలె."

నా చిన్నకొడుకు ఇంకా పాలు తాగుతున్నాడని చెప్పాను కదా. అంటే ఆ పిల్లకు పాలిచ్చే మనిషి ఇంట్లో ఉంది. ఆ లెక్క నా నాలుక కంటే ముందు నా మనసు వేసుకుంది. ఆవేశంలో నోరు జారానని ఎట్లా అంటాను?

మర్నాడు బండి కట్టారు. పడమట మేడ్చల్‌కు పోవలసిన బండి తూర్పున కీసరకు, యాదమ్మ పుట్టింటికి పోయింది. ఆమె రవిక ముందంతా పాలతో తడిసి ఉంది. పిల్ల ఏదని అడగలేదు. చేతులు మాత్రం ఒడి దగ్గర ఊపుతూనే ఉంది. సాయిలు బండి తోలాడు. ఇప్పటికీ అతని మీద నాకు కోపమే. నర్సమ్మను అడగడానికి అంత దూరం పోయినవాడు, నన్ను ఒక్క మాట అడగలేకపోయాడు. "వదినే, నిజంగ అమ్మవారేనా?" అని అడిగి ఉంటే చెప్పేదాన్నా? చెప్పేదాన్ని కాదేమో. అయినా అడగవలసింది. అత్త సంగతి మరీ. నా చెయ్యి పైకి లేవడం ఆమె చూసిందని నా అనుమానం. పిచ్చి కోడలు ఇంట్లోంచి పోతే ఆమెకూ మేలే. అందుకే నా కాళ్ళకు ఇంకో చెంబెడు పసుపునీళ్ళు పోసింది.

పిల్లకు అమ్మవారి పేరే పెట్టారు, పోచమ్మ అని. నా పాలు తాగింది. నన్నే అమ్మా అంది.

వరికోతలప్పుడు యాదమ్మ వచ్చింది. కట్ట మీదుగా ఒక్కతే నడుచుకుంటూ వచ్చింది. నేను మడి చివర ఒంటరిగా కోస్తున్నాను. తల దువ్వుకుంది. కళ్ళు నిలకడగా ఉన్నాయి.

"మంచిగున్నవా అక్కా?"

"ఎందుకొచ్చినవ్ యాదీ?"

"నాకు తగ్గిందక్కా. నిద్ర వడుతాంది, బువ్వ తింటున్న. మా అమ్మతోని కూలికి గూడ వోతున్న. ఒక్కపారి పిల్లను జూపియ్యి. జర్రసేపు."

"అమ్మవారు వద్దన్నది గదా. నా చేతుల ఏమున్నది?"

నా ఎడమ చేతి వైపు చూసింది. అందులో వరి పిడికిలి ఉంది.

"గా దినం నీ నెత్తిమీద దీపం జారింది. నువ్వు గా చెయ్యితోని సర్దినవ్. మంచిగ నడుమల వెట్టినవ్. దీపం వడుతదని అమ్మవారికి భయముంటదా అక్కా?"

అంత మందిలో ఎవరూ అనని మాట. పిచ్చిదని అందరూ అన్న మనిషి అంది. అప్పుడు నేనన్న మాట రాయడానికి నా చెయ్యి ఇప్పుడు కూడా వెనక్కి లాగుతోంది. రాస్తాను.

"నీకు గప్పుడు మతి ల్యాకుండె యాదీ. గోడ మీద చీమలు గనవడలేదా నీకు? గిది గూడ గట్లనే గనవడ్డది."

ఆమె ముఖం నా కళ్ళ ముందే మారింది. నన్ను తిడుతుందనుకున్నాను. మీద పడి కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. ఆమె తన రెండు అరచేతులు తిప్పి చూసుకుంది, తనవేనా కావా అన్నట్టు.

"గట్లనంటవా?" అంది. "నిజంగనే గట్లనంటవా అక్కా?"

"గట్లనే," అన్నాను.

వచ్చిన దారినే పోయింది. పిల్లను చూడకుండానే పోయింది.

బోనాలనాడు చేసిన తప్పుకు నేను ఏవో సాకులు చెప్పుకోగలను. డప్పు, కోపం, నాకూ జరిగిన అన్యాయం. పొలంలో చేసినదానికి ఏ సాకూ లేదు. తలకు వచ్చిన జబ్బు తగ్గి, తన కళ్ళను తాను మళ్ళీ నమ్మడం అప్పుడప్పుడే మొదలుపెట్టిన మనిషి. ఆ నమ్మకాన్ని నేను కొడవలి లేకుండానే కోసేశాను. చెయ్యి విరిచినా అతుక్కునేది. ఒకసారి పిచ్చిదన్నాక ఆ మనిషి నిజం చెప్పినా చెల్లదని నాకు బాగా తెలుసు. తెలిసే ఆ మాట అన్నాను.

మరుసటి ఆషాఢం మళ్ళీ శిగమూగాను. సాయిలు అందరి ముందూ వచ్చి, "తల్లీ, యాదమ్మను తెచ్చుకోమంటవా?" అని చేతులు జోడించాడు. నాకు ఆ రోజు ఏ పూనకమూ లేదు. పక్కన మేక వేపాకు నములుతున్న చప్పుడు కూడా వినబడుతోంది. అంత తెలివిలో ఉన్నాను. ఊ అంటే చాలు, బండి కీసరకు పోతుంది. పిల్ల నా చిన్నకొడుకు పక్కన కూర్చుని నా వైపే చూస్తోంది. యాదమ్మ వస్తే పిల్ల పోతుంది. దీపం మాట బయటికి వస్తుంది. అడ్డంగా తల ఊపాను. ఆ పై ఏడాది సాయిలుకు ఇంకో పెళ్ళి చేశారు. యాదమ్మకు బాగైందట అని ఎవరైనా అంటే అత్త, "పైకి గట్లనే గనవడుతదమ్మా" అనేది. నేను నోరు మూసుకుని వినేదాన్ని.

అత్త పోయింది. సాయిలు పోయాడు. పోచమ్మ బడికి పోయి చదువుకుంది. నలభై ఏళ్ళ వయసులో నాకు అక్షరాలు నేర్పింది ఆమే. బండ మీద సుద్దముక్కతో రాసి, నేను తప్పుగా దిద్దితే నా వేలు పట్టుకుని మళ్ళీ దిద్దించింది. నా రెండో చేతి వేళ్ళు ఏం చేశాయో ఆమెకు తెలియదు. "మీ అమ్మ పిచ్చిది, దాని నీడ వడొద్దు" అని చిన్నప్పటి నుంచి విని పెరిగింది.

మొన్న ఆమె తొలి కాన్పుకు ఇంటికి వచ్చింది. అన్నం ముందు పెట్టుకుని కూర్చుని, కలుపుతోంది కానీ తినడం లేదు. ఏందని అడిగితే, "పిల్ల పుట్టినంక నాగ్గూడ మా అమ్మ లెక్కనే అయితదా? అయితే, పిల్లను నాకిస్తరా అమ్మా?" అంది.

నేను చేసిన పని యాదమ్మ దగ్గర ఆగలేదు. ఈ పిల్ల తలలో కూడా ఇన్నేళ్ళూ కూర్చుని ఉంది.

అన్నీ చెప్పాను. బండి, దీపం, పొలం, మేక నమిలిన చప్పుడు. మీ అమ్మకు వచ్చింది బాలింత జబ్బు, ఎవరికైనా రావచ్చు, నాకూ వచ్చింది, తగ్గేదే, తగ్గింది కూడా, నీకు వచ్చినా మేడ్చల్ తీసుకుపోతాం, పిల్ల నీ దగ్గరే ఉంటుంది అన్నాను. చివరి మాటలు ఆమె విన్నట్టు లేదు. ఒక్కటే అడిగింది.

"నాకోసం నడిసొచ్చిందా?"

"నడిసే వచ్చింది."

కంచం పక్కన పెట్టి చెయ్యి కడుక్కుంది. చీర మార్చుకుని, కీసర బస్సు ఎక్కడ ఆగుతుందో పక్కింటావిడను అడిగి వెళ్ళిపోయింది. నన్ను అడగలేదు. నా వైపు చూడలేదు. ఇంకా రాలేదు. వస్తుందో రాదో తెలియదు. రావాలని అడిగే హక్కు నాకు లేదు.

క్షమించమని ఎవర్నీ అడగను. అది కూడా వాళ్ళ దగ్గర నుంచి ఇంకొకటి గుంజుకున్నట్టే. చెప్పాక మాత్రం ఊపిరి కొంచెం లోపలికి పోతోంది. అంతే. ఇంకొక్క మాట మిగిలింది. కీసరలో ఆ మనిషి ఈరోజుకీ తన కళ్ళు తనను మోసం చేశాయనే అనుకుంటూ ఉండవచ్చు. అందుకని, ఎవరూ వేలు పట్టుకుని దిద్దించకుండా, నేనే రాస్తున్నాను.

యాదీ, దీపం జారింది. నేనే సర్దిన. నువ్వు చూసింది నిజం.