పన్నెండో చప్పుడు

కరెంటు పోయింది కదా, దీపం పెట్టుకుని కూర్చున్నాం కదా... ఇక చెప్పేస్తాను. ఈ దీపం మీద ఒట్టు, ఇందులో ఒక్క ముక్క కూడా కల్పించలేదు. నమ్మకపోతే పోనీ, మధ్యలో నవ్వకండి. నవ్వారంటే ఆపేసి పడుకుంటాను.

మన మారిషస్‌కు స్వాతంత్ర్యం రావడానికి కొన్నేళ్ల ముందు సంగతి. పోర్ట్ లూయీ రేవు దగ్గర ఒక ఆసుపత్రిలో నేను నర్సుని. కిటికీ తెరిస్తే చక్కెర బస్తాల వాసన, సముద్రం వాసన కలిసి వచ్చేవి. నాకు దయ్యాలంటే భయం లేదు. ముప్ఫై మంచాలకు రాత్రిపూట నేనొక్కదాన్ని, భయపడే తీరిక ఎక్కడిది?

లెక్క తప్పుతుందేమోనన్న భయం మాత్రం ఉండేది. చిన్నప్పుడు మా ఊరు ఫ్లాక్‌లో మా అవ్వ నాచేత బియ్యం కొలిపించేది. మనవాళ్లు మొదటి కొలతను 'ఒకటి' అనరు కదా, 'లాభం' అంటారు. లాభం, రెండు, మూడు... నేనేమో గుడి పక్కన తెలుగు బడిలో ఒకటి, రెండు నేర్చుకున్నదాన్ని. రెండూ కలిపేసి లాభం, ఒకటి, రెండు అని కొలిచేదాన్ని. కుండలో ఒక డబ్బా ఎక్కువ పడేది. "ఏటే పిల్లా, ఊరందరికీ వండుతావేటి?" అని అవ్వ నెత్తిన మొట్టేది. అందుకే ఆసుపత్రిలో మందు బిళ్లలు ఫ్రెంచిలోనే లెక్కపెట్టేదాన్ని. ఒక్కసారీ తప్పలేదు.

సరే, అసలు విషయం. చక్కెర ఎత్తుకోవడానికి వచ్చిన ఒక ఓడ ఓ ముసలి జర్మన్‌ను మా దగ్గర దింపి వెళ్లిపోయింది. ఓడలో వడ్రంగి. పేరు కార్ల్. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. రేవుల్లో నేర్చుకున్న ఫ్రెంచి మాట్లాడేవాడు, నేను సగం మన క్రియోల్ భాష కలిపి జవాబిచ్చేదాన్ని. మర్యాదస్తుడు. నన్ను 'మామ్‌జెల్', అంటే అమ్మాయిగారూ అనేవాడు; నేను 'ముస్యే', అంటే అయ్యగారూ అనేదాన్ని. ఎంత చేదు మందు పోసినా 'మెర్సీ' అనేవాడు. కానీ నిద్రపోడు. చుట్టూ అందరూ గుర్రు పెడుతుంటే అతను మాత్రం మంచం అంచుకు జరిగి, చెవి నేలకేసి పెట్టి... వింటూ ఉండేవాడు.

నాలుగో రాత్రి అడిగేశాను. "ఏం వింటున్నారు, ముస్యే?"

"పన్నెండోది," అన్నాడు.

ఆ పైన నెమ్మదిగా, ఊపిరి తీసుకుంటూ చెప్పాడు. "మొదటి ప్రపంచ యుద్ధంలో నాకు పందొమ్మిదేళ్లు. జలాంతర్గామిలో పని. ఇప్పటివాటిలా కాదు, చాలా చిన్నది. పద్నాలుగు మందిమి. పడుకుంటే ఒకడి కాళ్లు ఇంకొకడి మొహానికి తగిలేవి. సముద్రంలో మందుపాతరలు పెట్టడం మా పని. పడవ పొట్టలో ఆరు గొట్టాలు, గొట్టానికి రెండేసి ఇనుప గుండ్లు. మొత్తం పన్నెండు. శత్రువుల ఓడలు వచ్చే దారిలోకి చీకట్లో దూరి, ఒక్కొక్కటే కిందికి జారవిడిచి వచ్చేసేవాళ్లం."

"అంటే ఎవరు చచ్చారో చూసేవారు కాదన్నమాట," అన్నాను. నా నోరు అలాంటిది.

"చూసేవాళ్లం కాదు," అని ఒప్పుకున్నాడు.

టీ కోసం పెట్టిన చక్కెర గడ్డ ఒకటి తీసి మంచం పక్కనున్న గ్లాసు నీళ్లలో వేశాడు. "గుండుకు ఇలా నీళ్లలో కరిగే బిళ్ల ఒకటి ఉంటుంది. అది కరిగేదాకా గుండు నిద్రపోతుంది. కరిగాక లేస్తుంది. ఆలోగా మేం దూరం వెళ్లిపోవాలి. గొట్టాల్లో ఎప్పుడూ నీళ్లే, లోపలికి చూడలేం. గుండు జారితే దబ్‌మని చప్పుడు, వెనకే దాని లంగరు గొలుసు గలగల. విని లెక్కపెట్టేది నేను. ఆ రాత్రి, 'పన్నెండు! అయిపోయాయి!' అని అరిచాను. కెప్టెన్ నమ్మాడు. కొంతదూరం వచ్చాక పడవను పైకి తేల్చాడు. తాళ్లు సర్దడానికి నేను పైకెక్కాను. అప్పుడు పేలింది."

చేపల పడవవాళ్లు అతణ్ణి నీళ్లలోంచి తీశారట. మిగతా పదముగ్గురూ లోపలే ఉండిపోయారు.

"ఇంగ్లీషువాళ్ల గుండు తగిలి ఉండొచ్చు. లేదా నేను పదకొండే విని పన్నెండన్నానేమో. చివరిది గొట్టంలోనే ఇరుక్కుని, బిళ్ల కరిగి..." గ్లాసు వైపు చూశాడు. "ప్రతి రాత్రీ అవి జారడం వినిపిస్తుంది, మామ్‌జెల్. లెక్కపెడతాను. పదకొండు దగ్గరికి వచ్చేసరికి నా గుండె చప్పుడే చెవుల్లో నిండిపోతుంది. చివరిది పడిందో లేదో తెలియదు. ఈ ఒక్క రాత్రి నువ్వు లెక్కపెట్టు."

నీ తలలో చప్పుడు నాకెలా వినిపిస్తుందయ్యా అనబోయాను. కానీ అతని గోళ్లు నీలంగా మారుతున్నాయి. తెల్లారేదాకా ఉండడని నాకు అర్థమైంది. జాలేసింది. సరేనన్నాను.

కుర్చీ లాక్కుని కూర్చున్నాను. గ్లాసులో చక్కెర గడ్డ కరుగుతోంది... సగం ఉంది... అడుగున చిన్న ముక్క... అదీ పోయింది.

దబ్.

నేల కింద. వెనకే గలగల... సన్నగా... దూరమైపోతూ. గ్లాసులో నీళ్లు వణికాయి. చూశాను, నా కళ్లతో చూశాను.

నా పెదాలు వాటంతట అవే కదిలాయి. అవ్వ ముందు కూర్చుని కొలిచినట్టు, తెలుగులో. లాభం... అని మొదలుపెట్టాను.

మళ్లీ దబ్. గలగల. ఒక్కో చప్పుడుకూ మధ్య నిదానంగా రెండు మూడు ఊపిర్లు తీసుకోవచ్చు. పక్క మంచాలవాళ్లు ఒక్కరూ కదల్లేదు. ఐదు... ఆరు... చెప్తే నమ్మరు, నాకు భయం వేయలేదు. చెవులు మాత్రం చల్లబడ్డాయి. తొమ్మిది... పది... పదకొండు.

తర్వాత... ఏమీ లేదు.

ఎదురుచూశాను. ఎవరో దగ్గారు. గోడ గడియారం కొట్టుకుంటోంది. గ్లాసులో నీళ్లు కదల్లేదు.

"ఎన్ని?" అన్నాడు కార్ల్. కళ్లు తెరవలేదు.

పదకొండు అన్నానంటే ఆ పదముగ్గురి చావూ నెత్తిన పెట్టుకుని పోతాడు.

"దూజ్," అన్నాను. పన్నెండు.

"నిజంగా?"

"నిజంగా. లెక్కలో నేను తప్పను, ముస్యే."

చప్పుడు లేకుండా ఏడ్చాడు. ఏవో పేర్లు చెప్పుకున్నాడు, ఒక్కొక్కటే. ఒక పేరు దగ్గర చిన్నగా నవ్వాడు కూడా. తర్వాత గోడవైపు తిరిగి పడుకున్నాడు. అన్ని రాత్రుల్లో అదే మొదటిసారి నిద్రపోవడం. తెల్లవారుజామున చూస్తే ఒళ్లు చల్లబడి ఉంది.

గేటు దగ్గర కాపలావాడు మార్సెల్‌ను అడిగాను, రాత్రి రేవులో గొలుసులేమైనా దించారా అని.

"కీ లాషేన్, మామ్‌జెల్? ఏ గొలుసులు? నిన్న ఆదివారం కదా, రేవులో పురుగు కూడా లేదు," అన్నాడు.

మా వార్డు కింద గది లేదు, ఖాళీ లేదు. గట్టి నేల మీద కట్టింది. ఎంత ఆలోచించినా ఆ చప్పుడు ఎక్కడిదో తేలలేదు. పోనీలే అనుకున్నాను. చచ్చిపోయేవాడికి అబద్ధం చెప్పాను, మంచికే చెప్పాను అని మనసుకు సర్దిచెప్పుకున్నాను. నిజం చెప్పాలంటే కాస్త గర్వంగా కూడా ఉండేది.

ఆ వారంలోనే ఒకరోజు రాత్రి డ్యూటీ దిగి ఇంటికొచ్చి, నిద్రమత్తులో వంటకు బియ్యం కొలుస్తున్నాను. లాభం... ఒకటి...

చెయ్యి ఆగిపోయింది.

చిన్నప్పటి తప్పే. అవ్వ అన్ని మొట్టికాయలు వేసినా పోని తప్పు. మరి ఆ రాత్రి? లాభం తర్వాత ఒకటి అన్నానా, రెండు అన్నానా? రెండు అని ఉంటే నేను విన్నవి పదకొండే. ఒకటి అని ఉంటే మాత్రం విన్నవి పన్నెండు. అప్పుడు ఆ ముసలాయనకు నేను చెప్పింది అసలు అబద్ధమే కాదు, నిజమే.

ఇన్నేళ్లయింది. ఇప్పటికీ కళ్లు మూసుకుని ఆ రాత్రిని మొదటినుంచి వింటాను. దబ్... గలగల... లాభం. అంతవరకూ స్పష్టంగా ఉంటుంది. రెండో చప్పుడుకు నా పెదాలు ఏమన్నాయో పట్టుకుందామని చూస్తాను... సరిగ్గా అక్కడికి వచ్చేసరికి నా గుండె చప్పుడే చెవుల్లో నిండిపోతుంది.