ముల్లు కరిగిన చేప

దింకాకు ముక్కు మీద కోపం. ద్వీపంలో చేపల డబ్బాల ఫ్యాక్టరీ మూతపడేదాకా ఇరవై ఆరేళ్ళు అక్కడ సార్డీన్ చేపల తలలు తెంపి డబ్బాల్లో వరసగా పేర్చింది. ఆమె పక్కన నిలబడి అదే పని చేసింది పెరీనా. వాళ్ళిద్దరూ తిట్టుకోని రోజు లేదు, ఒకరి గుమ్మం ఒకరు తొక్కని రోజూ లేదు. మొగుడు పోయాక దింకాకు మిగిలిందల్లా తిట్టడానికి పెరీనా, ఒళ్ళో పడుకోబెట్టుకోవడానికి బేపో. బేపో బూడిదరంగు మగపిల్లి. ద్వీపంలో ఆమె గొంతు పెంచకుండా మాట్లాడేది వాడొక్కడితోనే.

కిందటి అక్టోబరులో బేపోకు ఉచ్చ ఆగిపోవడం మొదలైంది. పదినిమిషాలకోసారి ఇసుక తొట్టెలో కూర్చునేవాడు, రెండు చుక్కలు పోసి మూలిగేవాడు. పెరీనా పిల్లి మీత్సాకు అంతకుముందే ఈ జబ్బు చేసి నయమైంది. అందుకని పెరీనాయే దింకాను ఓడ ఎక్కించి, అవతలి ఒడ్డు పట్నం స్ప్లిట్‌లో తనకు తెలిసిన పశువుల డాక్టర్ యోష్కో దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన గొట్టం పెట్టి దారి తెరిచాడు.

"మూత్రంలో ఇసుకలాంటి పలుకులు కట్టాయమ్మా. మగపిల్లికి దారి సన్నం. మళ్ళీ మూసుకుపోతే రెండు రోజుల్లో ప్రాణం పోతుంది. ఈ డబ్బా తిండి ఒక్కటే పెట్టండి. ఇంకేదీ వద్దు, ముద్దు చేసి కూడా పెట్టకండి."

దింకా బుద్ధిగా తలూపింది. ఇంటికొచ్చి డబ్బా తెరిచి, వాసన చూసి, మూతి ముడిచింది.

"వాళ్ళు ఇందులో ఏం కూరుతారో నాకు తెలియదా? చివరి రెండేళ్ళూ మన ఫ్యాక్టరీలో పిల్లుల డబ్బాలు నింపింది నేను కాదూ? తలకాయలు, పేగులు, నేల మీద ఊడ్చి తీసిందంతా!"

"ఒసే, అది వేరు, ఇది వేరు. ఇది మందు డబ్బానే," అంది పెరీనా. "మా మీత్సా ఏడాదిగా ఇదే తింటోంది. కుర్రదానిలా గెంతుతోంది."

"నీ చేతి వంట తిని తిని దాని నాలుక ఎప్పుడో చచ్చింది. అది ఏది పెట్టినా తింటుంది."

మర్నాటి నుంచి దింకా తనే బేపోకు వండడం మొదలుపెట్టింది. రేవులో తాజా సార్డీన్లు కొని, ఉప్పు వేయకుండా సీసాల్లో కుక్కి, మూతలు బిగించి, కుక్కర్లో గంటలకొద్దీ ఉడికించింది. ఫ్యాక్టరీలో మంచి సరుకుకు పరీక్ష ఒకటే ఉండేది. చేప వెన్నుముల్లును రెండు వేళ్ళ మధ్య పెట్టి నలపాలి. వెన్నలా నలిగితే పాసు. దింకా కూడా ప్రతి సీసా తెరిచి అలాగే నలిపి చూసేది.

"డాక్టరు ఇంకేదీ వద్దన్నాడుగదే. పైగా చేపంటే ముళ్ళాయె," అని గొణిగింది పెరీనా.

"కరిగిపోయాక ఇక ముల్లెక్కడిది?"

పెరీనా సీసాలోంచి ఒక ముల్లు తీసి నలిపి చూసింది. ఆమె వేళ్ళూ ఇరవై ఆరేళ్ళు ఆ ముళ్ళనే నలిపాయి.

చలికాలమంతా బేపో ఒళ్ళు నిగనిగలాడింది. కనిపించిన వాళ్ళందరికీ దింకా వాడి బొచ్చు చూపించి, డాక్టర్ల మీద నాలుగు రాళ్ళు వేసింది. మందు డబ్బాలు మాత్రం ఒక్కటీ కొనలేదు. ఆ సంగతి డాక్టరుకు చెప్పనూ లేదు.

మార్చిలో దక్షిణపు గాలి పట్టుకుంది. రెండు రోజులు ఓడ కదల్లేదు. ఆ రెండు రోజులూ బేపో మంచం కిందే ఉన్నాడు. పొట్ట రాయిలా గట్టిపడింది, ఒక్క చుక్కా రాలేదు. మూడోనాడు ఓడ బయల్దేరగానే పెరీనా వచ్చి బేపోను పెట్టిన బుట్టకు ఒక పక్క పట్టుకుంది. దారిపొడుగునా ఇద్దరూ తిట్టుకోలేదు.

డాక్టర్ యోష్కో పొట్ట మీద చెయ్యి వేసి, రక్తం పరీక్ష చూసి తల అడ్డంగా ఊపాడు. బాధ లేకుండా కన్నుమూయించే సూది వేసేటప్పుడు దింకా బేపో చెవి దగ్గర నోరు పెట్టి ఏదో చెప్పింది. వాడి తల ఆమె అరచేతిలోకి వాలిపోయింది. అంత నోరున్న మనిషి చిన్నపిల్లలా ఏడ్చింది.

ఆమె కళ్ళు తుడుచుకున్నాక డాక్టరు మెల్లగా అడిగాడు.

"అమ్మా, నేను రాసిన డబ్బా కాక ఇంకేమైనా పెట్టారా? చేపలు గానీ, ఎముకలున్నవి గానీ? ఎంత మెత్తగా ఉడికినా ఎముక ఎముకే. కరిగినదంతా ఒంట్లోకే పోయి, మూత్రంలో మళ్ళీ పలుకులు కడుతుంది."

దింకా వేళ్ళు బల్ల అంచును పట్టుకున్నాయి. ఆమెకు అంతా అర్థమైంది.

"లేదు," అంది. "మీరు రాసిందే పెట్టాను."

డాక్టరు కుర్చీలో కూలబడ్డాడు. "అయితే ఆ తిండే పనిచెయ్యలేదన్నమాట. పెరీనాగారూ, మీ మీత్సాకు కూడా ఆపేద్దాం. ఇంకో పది పిల్లులకు ఇదే రాశాను. వాటిని పెంచేవాళ్ళందరికీ రేపే ఫోన్ చెయ్యాలి."

పెరీనా దింకా వైపు చూసింది. దింకా నేల వైపు చూస్తోంది.

"మా పిల్లికి ఏం పెట్టాలో నాకు తెలుసు డాక్టరుగారూ," అని పెరీనా బయటికి నడిచింది.

దింకా వెనకాలే వచ్చింది. వీధిలో పెరీనా గిరుక్కున తిరిగింది.

"నీ పిల్లి చచ్చింది చాలక ఇంకో పది చావాలా నీకు?"

"నేను ఆపమన్నానా? ఆయనే అన్నాడు."

"నువ్వు నోరు మూసుకున్నావు. పుట్టి బుద్ధెరిగి మూయని నోరు ఇవాళే మూశావు!"

"నేనే చంపానని ఆయన ముందు ఎలా చెప్పనే?" దింకా పెరీనా చెయ్యి పట్టుకుంది. "నువ్వు చెప్పవచ్చుగా!"

"చావు నీ ఇంట్లోది. మాట కూడా నీ నోటినుంచే రావాలి," అని పెరీనా ఆమె కోసం ఆగకుండా రేవు వైపు వెళ్ళిపోయింది.

ఓడకు ఇంకా గంట టైముంది. డాక్టరు గది తలుపు తీసే ఉంది. లోపల ఆయన చేతులు కడుక్కుంటున్న చప్పుడు వినిపిస్తోంది. దింకా గుమ్మం దాకా వెళ్ళి, ఆ చప్పుడు ఆగేదాకా అక్కడే నిలబడింది. ఆగగానే, లోపలికి అడుగు పెట్టకుండానే వెనక్కి తిరిగి రేవు దారి పట్టింది.