పంపుకు వేసిన సీలు

మా ఇంట్లో ఏ వస్తువూ బాగు కోసం గుమ్మం దాటి వెళ్ళేది కాదు. బాగు చేసేవాడే వచ్చేవాడు. కంసాలి కుంపటితో సహా వచ్చి వసారాలో కూర్చునేవాడు. దర్జీ తన మిషనును బండి మీద తెచ్చుకునేవాడు. రైసుమిల్లు ఇంజను చెడితే విశాఖపట్నం నుంచి మనిషి వచ్చి, అది తిరిగేదాకా మా ఇంట్లోనే భోంచేసేవాడు. ఇప్పుడు మిల్లు లేదు. కొబ్బరి తోటను తుపాను పడగొట్టింది. జీడితోటలు ఒక్కొక్కటే చేతులు మారాయి. ఇంటి వెనకభాగం కూలిపోతే ముందు గదుల్లో సర్దుకున్నాం. మా నాన్నగారు కొన్న డీజిల్ జీపు, ఆ పాత పద్ధతి, ఈ రెండే మిగిలాయి. ఆ పద్ధతిని తప్పని నేను అనుకోలేదు. ఇప్పటికీ అనుకోను.

జీపు అవసరం మా తమ్ముడిది. వాడు పెళ్ళి చేసుకోలేదు, మాతోనే ఉండేవాడు. వారానికి మూడుసార్లు వాడికి డయాలసిస్. మా వైపు, వజ్రపుకొత్తూరు దగ్గరి ఊళ్ళలో, ఆ జబ్బును పేరు పెట్టి పిలవరు. ‘పలాస వెళ్తున్నాడు’ అంటారు. ఆ మాటతో అందరికీ అర్థమైపోతుంది. ఆసుపత్రి మంచం దిగాక వాడికి కళ్ళు తిరిగేవి, వాంతులయ్యేవి. జీపు వెనక సీట్లో కాళ్ళు ముడుచుకుని పడుకుని ఇంటికి వచ్చేవాడు. మా ఊరి నుంచి రోగులంతా కలిసి మాట్లాడుకున్న ఆటో ఒకటి ఉంది. అందులో మోకాళ్ళు మోకాళ్ళు తగిలేలా కూర్చోవాలి. పడుకోవడానికి చోటుండదు.

ఒకనాడు పలాస నుంచి వస్తుంటే జీపు నల్లటి పొగ కక్కి, రెండుసార్లు ఎగిరిపడి ఆగిపోయింది. కొబ్బరికాయల వ్యాను తాడు కట్టి మమ్మల్ని ఇంటికి లాక్కొచ్చింది. మా ఊరి మెకానిక్కు గొట్టాలు విప్పి చూసి, డీజిల్ పంపు పోయిందన్నాడు. ఇంజనులోని నాలుగు సిలిండర్లకూ వేళ తప్పకుండా, సమానంగా డీజిల్ కొట్టే పంపు అది. టెక్కలి తీసుకెళ్ళి, పంపును తిప్పి కొలిచే పెద్ద బెంచీ మీద పెట్టించాలని చెప్పాడు.

టెక్కలి షాపుకు నేనే ఫోను చేశాను. మా ఇంటిపేరు, ఊరు చెప్పి, వచ్చి చూడమన్నాను. ఆటో ఖర్చు ఇస్తామని, భోజనం ఇక్కడేనని కూడా చెప్పాను. అవతల పెద్దగా నవ్వు వినిపించింది.

“బెంచీ మీ ఇంటికొత్తాదేటి బాబూ? పెళ్ళికూతురిలాగ పల్లకీలో తేవాలేటి? దాన్ని లోపలెట్టడానికి మా షట్టరే కోసీసినాం. పంపు పట్టుకొచ్చీండి, లైన్లో ఎట్టీండి, అయినాక కబురెడతాం.”

నేను ఫోను పెట్టేశాను. మంచం మీద నుంచి తమ్ముడు అంతా విన్నాడు.

“ఆడు రాపోతే ఏటి? నేను విప్పుతాను” అన్నాడు.

వద్దనడానికి నా దగ్గర కారణాలున్నాయి. వాడి ఎడమచేత్తో బరువు ఎత్తకూడదు. డయాలసిస్ కోసం మోచేతి దగ్గర రక్తనాళాలు కలిపి కుట్టిన చోట వేలు పెడితే, లోపల గిర్రుమని ఏదో తిరుగుతున్నట్టుండేది. ఓపిక కూడా పూటపూటకీ మారిపోయేది. కానీ మిల్లు నడిచిన రోజుల్లో ఇంజను దగ్గర పెరిగినవాడు వాడే. బెల్టు శబ్దం వినే ఎక్కడ లోపమో చెప్పేవాడు. పైగా ఆ నవ్వు నా చెవిలోనే ఉంది. సరే అన్నాను.

డయాలసిస్ లేని రోజుల్లో పని సాగింది. మిగతా రోజుల్లో ఆటోలోనే వెళ్ళి, ముఖం పాలిపోయి వచ్చేవాడు. చావడిలో బల్ల కడిగించి, పళ్ళెంలో డీజిల్ పోయించుకున్నాడు. విప్పిన ముక్కల్ని పెట్టడానికి నాలుగు కొబ్బరి చిప్పలు తెమ్మన్నాడు. ఒక్కో సిలిండరువి ఒక్కో చిప్పలో వేశాడు. ఒకదాని ముక్క ఇంకోదాంట్లో కలిస్తే పంపు పనికిరాదట. గుడ్డతో తుడవనివ్వలేదు, నూగు పోతుందన్నాడు. డీజిల్‌లో ముంచి, తడిగానే బిగించాలి.

“మరిదీ, ఇల్లంతా పెట్రోలు బంకులాగుంది. చుట్టాలొస్తే ఏటనుకుంటారు?” అంది మా ఆవిడ.

“మనింటికి చుట్టాలొచ్చి ఎన్నాళ్ళయింది వదినా? ఆ వాసనకైనా వత్తారేమో సూద్దాం.”

ఆమె నవ్వింది. నాకు నవ్వు రాలేదు. రోజంతా డీజిల్‌లో చేతులు ముంచి కూర్చునే మనిషి డాక్టర్లు కొలిచి తాగమన్న తన వంతు నీళ్ళు మాత్రం చిన్న గ్లాసులో పోయించుకుని, పెదవులు తడుపుకుంటూ సాయంత్రం దాకా దాచుకునేవాడు. ఆ గ్లాసు మీద మూత పెట్టి, పక్కనే కిటికీలో ఉంచేవాడు. పని మధ్యలో ఒకసారి దానికేసి చూసి మళ్ళీ తల దించుకునేవాడు.

కొత్త ముక్కలు పలాసలో దొరికాయి. బిగింపు అయ్యి, పంపును ఇంజనుకు తగిలించాక నాలుగు గొట్టాల కిందా నాలుగు టానిక్కు సీసాలు కట్టించాడు. ఒకే రకం సీసాలకు మా ఇంట్లో కొదవ లేదు. నన్ను స్టార్టరు తిప్పమని, తాను వంగి సీసాల్లో మట్టం చూశాడు. ఎక్కువ తక్కువలుంటే ఒక మర తిప్పి మళ్ళీ చూసేవాడు. చివరికి నాలుగూ ఒక్కలాగే కనిపించాయి. పైపులు తగిలించి స్టార్టు చేస్తే జీపు అందుకుంది. పొగ వచ్చింది, కుదుపు ఉంది, అయినా నడిచింది. వాడు బానెట్ మీద చెయ్యేసి నిలబడ్డాడు. నా పట్టుదల నెగ్గిందనే ఆ పూట నేను అనుకున్నాను. వాడు ఏమనుకున్నాడో అప్పుడు అడగలేదు.

కొన్నాళ్ళు అలాగే పలాస వెళ్ళివచ్చాం. ఇంజను నెమ్మదిగా తిరిగినంతసేపూ బాగానే ఉండేది, వేగం అందుకుంటే ఒక పక్క తన్నేది. వాడు వెనక సీట్లో పడుకునే ‘నాలుగోది’ అనేవాడు. ఒక ఉదయం పూండి దాటకముందే జీపు ఆగింది. రోగుల ఆటో అప్పటికే ముందు వెళ్ళిపోయింది. ఎండలో నిలబడి ఆపితే ఒక్క బండీ ఆగలేదు. చాలాసేపటికి దొరికిన బస్సులో మేం పలాస చేరేసరికి వాడి వంతు మంచం మీద ఇంకొకరున్నారు. మర్నాటికి ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. ఆసుపత్రిలో పెట్టుకున్నారు.

“ఆ రోజు ఆటోలో ఎల్లుంటే బావుణ్ణు” అంది మా ఆవిడ.

ముఖానికి ఆక్సిజన్ తొడుగు ఉండగా వాడు మాట్లాడిందంతా పంపు గురించే. తొడుగు పక్కకు జరిపి, “ఇంటికెళ్ళాక మళ్ళీ విప్పుతానన్నయ్యా. నాలుగోదాన్లో స్ప్రింగు సరిగ్గా కూకోలేదు. నాకు తెల్సిపోయింది” అన్నాడు. నర్సు వచ్చి తొడుగు సరిచేసింది. ఆమె వెళ్ళగానే మళ్ళీ జరిపాడు. “ఎవుణ్ణీ ముట్టనియ్యకు.”

ఇంటికి రావడానికి వాడికి అది ఒక్కటే కారణంలా కనిపించింది. అది లాగేస్తే ఏం మిగులుతుందో నాకు తెలుసు. జీపు ఇంకోసారి దారిలో ఆగితే ఏమవుతుందో కూడా తెలుసు. ఈ రెంటి మధ్య ఆలోచించడానికి పెద్దగా ఏమీ లేదు. ఊరి మెకానిక్కుతో పంపు ఊడదీయించి, మా నాన్నగారి తోలుసంచిలో పెట్టుకుని, బస్సెక్కి టెక్కలి వెళ్ళాను.

షాపులో ఇంటిపేరు చెప్పలేదు. ఉన్న ఒక్క స్టూలు మీద ఎవరో కూర్చున్నారు. నా ముందు ఒక ట్రాక్టరు పంపు, నా తర్వాత వచ్చి నాకంటే ముందుకెళ్ళిన ఒక లారీ పంపు. ఫోనులో నవ్వినవాడు ఇతనేనని గొంతు వినగానే పోల్చుకున్నాను. మెడకీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని, ఎవరితోనో తన కొత్త ఇంటి టైల్సు గురించి మాట్లాడుతూనే పని చేస్తున్నాడు.

“రా మావా, సంచీ ఇప్పు” అన్నాడు చివరికి.

నన్ను మావా అన్నవాళ్ళు అంతకుముందు లేరు. సంచి విప్పాను.

“ఎవుడు కట్టినాడిది?”

“ఇంట్లో.”

“ఇంట్లోనా? ఇదేమైనా పకోడీ అనుకున్నారేటి, ఇంట్లో ఏసీడానికి!” అని అక్కడున్నవాళ్ళకేసి చూశాడు. వాళ్ళు నవ్వారు.

పంపును బెంచీకి బిగించి తిప్పాడు. ముందు వరసగా గాజు గొట్టాలున్నాయి. తిరిగే వేగం పెంచిన కొద్దీ వాటిలో నూనె ఎక్కింది. మూడు ఒక మట్టంలో ఆగాయి, నాలుగోది వాటిని దాటి పైకి పోయింది.

“సూడు మావా. ఈ ముగ్గురూ సరిగ్గా పంచుకున్నారు. ఈ నాలుగోవోడు తమ్ముళ్ళ వాటా కూడా తాగీత్తన్నాడు. మీ ఇళ్ళల్లో ఇలాటోళ్ళు ఉంతారు కదేటి?”

మళ్ళీ నవ్వులు. నేను గోడకేసి చూస్తూ నిలబడ్డాను. పై మూత తీసి లోపలికి లైటు వేసినప్పుడు మాత్రం అతని ఫోను మాట ఒక క్షణం ఆగింది. “శుభ్రంగానే కట్టినాడు, ఒక్క ఇసక రేణువు లేదు” అన్నాడు. తర్వాత మళ్ళీ టైల్సులో పడ్డాడు.

సాయంత్రానికి పని అయింది. చివర డీజిల్ హద్దు చూసే మరకు సన్నటి తీగ చుట్టి, సీసం బిళ్ళ తగిలించి, పట్టకారుతో నొక్కాడు. బిళ్ళ మీద షాపు గుర్తు పడింది.

“ఇది తెగిందో, నాకు సంబంధం లేదు. గ్యారంటీ పోయినట్టే.”

పంపు తిరిగి బిగించాక, తమ్ముణ్ణి ఆసుపత్రి నుంచి ఆ జీపులోనే తెచ్చాను. పొగ లేదు, కుదుపు లేదు. వాడు వెనక సీట్లో పడుకోలేదు, ముందు కూర్చున్నాడు. పూండి దగ్గర వేగం పెంచినప్పుడు తల కొంచెం పక్కకు వంచాడు. ఇంటికి చేరాక, మా ఆవిడ లోపలికి రమ్మంటున్నా వినకుండా, బానెట్ ఎత్తాడు.

సీసం బిళ్ళ కొత్తది, మెరుస్తోంది. బొటనవేలితో దాన్ని తడిమాడు.

“టెక్కలేనా?”

“ఆఁ.”

“లైన్లో నిల్చున్నావా?”

“నిల్చున్నాను.”

“నువ్వు?” అని నా ముఖంలోకి చూశాడు. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. బానెట్ దించి, నెమ్మదిగా, గోడ పట్టుకుంటూ లోపలికి వెళ్ళాడు.

తర్వాతి వారాల్లో జీపు ఒక్కసారీ ఆగలేదు. ఆ లెక్కన నేను చేసింది సరైనదే. వాడు మాత్రం వెనక సీట్లో కళ్ళు మూసుకుని పడుకునేవాడు. పలాసలో జీడిపిక్కల ఫ్యాక్టరీల పొగ ముక్కుకు తగిలేదాకా కదిలేవాడు కాదు. చావడిలో బల్ల మీద కొబ్బరి చిప్పలు అలాగే ఉండేవి. తీసేస్తానంటే వద్దనలేదు, ఉంచమనలేదు. అన్నం సగంలో వదిలేసేవాడు. ఒక రోజు, “ఈ పూట పలాస మానేద్దామా అన్నయ్యా” అన్నాడు, సినిమా మానేద్దామా అన్నంత తేలిగ్గా. కసిరి తీసుకెళ్ళాను. ఆ తర్వాత కూడా ఆ మాట అంటూనే ఉండేవాడు.

అలాంటి ఒక ఉదయమే, జీపు ఎక్కబోతూ ఆగాడు.

“ఎక్కుడులో లాగట్లేదిది. డీజిలు బాగా తగ్గించీసినాడు ఆడు. రైలు వంతెన దగ్గర సూణ్ణేదా, ఎలా మూలుగుతందో?”

నేను చూడలేదు. నా చెవికి ఏ మూలుగూ వినపడలేదు. వాడు బానెట్ ఎత్తి చెయ్యి చాపాడు.

“కటింగ్ ప్లేరు ఇలాగియ్యి.”

గ్యారంటీ మాట నాకు గుర్తుంది. టెక్కలిలో నిలబడ్డ పూట కూడా గుర్తుంది. పనిముట్ల డబ్బాలోంచి ప్లయరు తీసి వాడి చేతిలో పెట్టాను. తీగ టప్పున తెగింది. సీసం బిళ్ళను మందుబిళ్ళలాగా అరచేతిలో ఓసారి చూసుకుని, చొక్కా జేబులో వేసుకున్నాడు. మరను కొంచెం తిప్పాడు. “ఇప్పుడు కొట్టు” అన్నాడు. కొట్టాను. ఇంజను బొంగురుగా లేచింది. వెనక నల్లటి పొగ గోడ మీదకు పోయింది.

“అదీ!” అన్నాడు.

ఆ రోజు రైలు వంతెన ఎక్కేటప్పుడు వాడు ముందు సీట్లో ఉన్నాడు. మా పొగ తాకిన బైకువాడు ముక్కు మూసుకుని తిట్టాడు. తమ్ముడు కిటికీలోంచి తల బయటపెట్టి, “ఇంజనన్నాక పొగ రాదేటి బావా!” అన్నాడు. పలాస మానేద్దామన్న మాట మళ్ళీ అనలేదు. చిప్పలు కడిగించి, ఫిల్టరు విప్పాడు, నాజిళ్ళు విప్పాడు. కొన్ని నెలలు అలా గడిచాయి. తర్వాత చేతిలో కుట్టిన నాళం పూడిపోయింది. మెడ దగ్గర గొట్టం వేశారు, దానికి చీము పట్టింది. వానలు వెనకపట్టిన రోజుల్లో వాడు పోయాడు.

ఈ మధ్య ఒక కాగితం పని మీద టెక్కలి వెళ్ళాను. బస్టాండు దాటిన మలుపులో జీపు పొగ వదిలింది. షాపు ముందు నిలబడ్డ ఆ బెంచీ మనిషి గుర్తుపట్టి రోడ్డు మీదకు వచ్చి, బానెట్ మీద చరిచి ఆపాడు.

“మావా! ఎలాగ సేసిచ్చినాను, ఎలాగ సేసీసినావు! సీలు ఎవుడు కోసినాడు?”

“మా తమ్ముడు.”

“ఎవుడైతే ఏటి, బుర్ర లేదేటి? రేపు పట్టుకొచ్చీ, లైను లేకుండా సూత్తాను. మళ్ళీ సీలేసిత్తాను.”

“అక్కర్లేదు” అన్నాను.

గేరు వేశాను. పొగ అతని మీదకు, షట్టరు మీదకు పోయింది. అద్దంలో అతను చెయ్యి ఊపుతూ ఏదో అరవడం కనిపించింది. నేను ఆపలేదు.