ఆ స్లీపింగ్ బ్యాగులో వెచ్చదనం

దయ్యాలు లేవు. ఈ మాట నేను ధైర్యం కోసం గొణుక్కునేది కాదు. మైకుల ముందు, రచ్చబండల మీద వాదించి నిలబెట్టుకున్నది. మా గుంటూరు జిల్లాలో చేతబడి చేసిందని ఒక ముసలమ్మను కొట్టబోతే అడ్డం నిలబడి దెబ్బలు తిన్నాను. నిప్పుల మీద నడిచి, ఇందులో మహిమేమీ లేదని చూపించాను. కాబట్టి ఇప్పుడు రాయబోయేది మరొకరు రాసి ఉంటే, మొదట ఎగతాళి చేసేవాణ్ణి నేనే.

దోహాలో ఒక నిర్మాణ కంపెనీలో సేఫ్టీ ఆఫీసర్‌ని. అల్ మన్సూరాలో ఒకే గదిలో నలుగురం ఉండేవాళ్ళం. తాపీమేస్త్రీ అంజయ్య, పికప్ డ్రైవర్ ఖాజా, రాజేశం, నేను. వాళ్ళ ముగ్గురిదీ జగిత్యాల వైపు. రాజేశం ఎడారి సైట్లలో సామాను కాపలా కాసేవాడు. అక్కడి చలికి ఖర్చుపెట్టి మంచి స్లీపింగ్ బ్యాగు కొనుక్కున్నాడు. పోయిన వేసవిలో ఆస్పత్రిలో గుండె ఆగి చనిపోయాడు.

అతని సామానంతా అట్టపెట్టెలో సర్ది ఇంటికి పంపాం. పోయినవాడి పక్కబట్టలు మాత్రం ఎవరూ పంపరు, ఎవరూ వాడరు. బ్యాగు బీరువా పక్కన నేల మీద ఉండిపోయింది. ఊడ్చేటప్పుడు కూడా దాన్ని తప్పించుకుని ఊడ్చేవాళ్ళు. అది చూస్తే నాకు ఒళ్ళు మండేది.

జనవరిలో రెండు రోజుల సెలవు కలిసొచ్చి ముగ్గురం ఎడారిలో గుడారం వేద్దామని బయల్దేరాం. పంతం కొద్దీ ఆ బ్యాగు తీసి పికప్‌లో వేశాను.

"చచ్చినోని పక్క అది సారూ," అన్నాడు అంజయ్య. "గుడారంల పెడితే నేను తెల్లారెదాంక బయటనే కూసుంట."

"బట్టకు ప్రాణం ఉంటుందా అంజయ్యా?"

"బట్టకు లేదు. అండ్ల పన్నోనికి ఉండె గద."

ఖాజా నవ్వాడు. "లొల్లి బంద్ చేయుర్రి. అది బండి ఎనకనే ఉంటదన్నా. దానికేం చలి పెట్టది."

సరేనన్నాను. సంచిలో చుట్టిన బ్యాగు పికప్ వెనక, పైకప్పు లేని చోట ఉండిపోయింది.

గుడారం ఎక్కడ వేయాలన్నది కూడా వాదనే అయింది. అంజయ్య ఇసుక దిబ్బ మీద వేద్దామన్నాడు. గాలికి చలి ఎక్కువవుతుందని వివరించి పల్లంలో వేయించాను. ఇక్కడ వాన అరుదు. పడితే మాత్రం నీళ్ళు నిలిచేది పల్లంలోనే. అంజయ్యకు అది తెలుసు. నా వివరణకు ఎదురు చెప్పలేకపోయాడు, అంతే.

తెల్లవారుజామున మెలకువ వచ్చేసరికి పైన వాన, వీపు కింద నీళ్ళు. దుప్పట్లు, బట్టల సంచులు అన్నీ నానిపోయాయి. బండి ముందుసీట్లో పడుకున్న ఖాజా ఇంజన్ తిప్పితే తిరగలేదు. ముందురోజు సాయంత్రం నుంచి లైట్లు ఆ బ్యాటరీకే తగిలించి ఉంచాం. ఫోన్లకు సిగ్నల్ లేదు. ఖాజా సాయం కోసం రోడ్డు వైపు నడిచాడు.

అంజయ్యను ముందుసీట్లోకి ఎక్కించి తడిబట్టలు విప్పాను. పది రోజుల కిందటే జ్వరం నుంచి లేచిన మనిషి. గజగజ వణికాడు. కాసేపటికి వణుకు ఆగిపోయింది. తెలియనివాళ్ళు తగ్గిందనుకుంటారు. కానీ చలికి ఒళ్ళు చల్లబడ్డవాడు వణకడం మానేస్తే ప్రమాదం ముదిరినట్టు. అది నాకు శిక్షణలో నేర్పారు. నీ పేరేంటని అడిగితే తమ్ముడి పేరు చెప్పాడు. మాట ముద్దగా వచ్చింది.

కప్పడానికి పొడి గుడ్డ ఒక్కటి లేదు. నా తెలివి ఒక మనిషిని చంపబోతోంది.

అప్పుడు బ్యాగు గుర్తొచ్చింది. బండి వెనక రెండు వేళ్ళ లోతు నీళ్ళున్నాయి. సంచి అందులో నానుతోంది. నీళ్ళు పిండైనా కప్పుదామని తెచ్చి విప్పాను.

లోపల పొడిగా ఉంది. వెచ్చగా ఉంది.

చేతులు కొయ్యబారితే ఏది ముట్టుకున్నా వెచ్చగానే తోస్తుంది. అందుకని చొక్కా ఎత్తి పొట్టకు ఆనించి చూశాను. వెచ్చగానే ఉంది. అదీ అంతటా ఒకేలా లేదు. భుజాలు ఆనేచోట ఎక్కువ, పాదాల వైపు తక్కువ. అప్పుడే మనిషి లేచి వెళ్ళిన పక్క ఎలా ఉంటుందో అలా ఉంది.

అంజయ్యను అందులో దూర్చి జిప్పు లాగాను. చాలాసేపటికి మళ్ళీ వణుకు మొదలైంది. ఒక మనిషి వణకడం చూసి సంతోషంతో ఏడ్చింది అదొక్కసారే. అతను కళ్ళు తెరిచి, "ఎవలు పండుకున్నరు సారూ ఇండ్ల? ఎచ్చగున్నది," అన్నాడు.

ఆ బ్యాగు ఎవరిదో చెబితే విదిలించుకుని బయటికొస్తాడని భయం వేసింది.

"నేనే," అన్నాను.

ఖాజా వేరే గుడారాల వాళ్ళను, వాళ్ళ జీపును వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ సాయంత్రానికే ఆస్పత్రి నుంచి అంజయ్యను పంపించేశారు. గదికి తిరిగొస్తుంటే ఖాజా నా చెవిలో మెల్లగా అన్నాడు: "రాత్రి బండి ఎనక ఎక్కింది నువ్వే గదన్నా? బండి ఊగింది. అన్న పంతం ఇడ్వలేదు అనుకొని మళ్ల పన్న."

తలూపాను. అంతకుముందే ఒక అబద్ధం చెప్పి ఉన్నాను. ఆ రాత్రి వీపు కింద నీళ్ళు తగిలి లేచేదాకా నేను గుడారం దాటి అడుగు బయట పెట్టలేదు.

తర్వాత మేడ మీద అదే బ్యాగును అదే సంచిలో చుట్టి నీళ్ళలో ఉంచి చూశాను. గంట తిరక్కుండా లోపలిదాకా తడిసింది. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ తడిసింది. బండి గాలికి ఊగిందనుకుందాం. ఎడారిలో సంచి మూతి ఏదో బిగువుగా పడి నీళ్ళు ఆపిందనుకుందాం. మరి వెచ్చదనం? అది ఒక ఒంటి నుంచి రావాలి.

ఇప్పుడు ఆ బ్యాగులో అంజయ్యే పడుకుంటున్నాడు. గదికి కొత్తవాళ్ళెవరొచ్చినా కథలా చెబుతాడు: "చచ్చినోని పక్క అని నేనూ బుగులువడ్డ. సారు పొయ్యి అండ్లనే పన్నడు. ఏమైంది? ఏం గాలే. అంత ఉత్తదే."

వాళ్ళు నా వైపు మెచ్చుకోలుగా చూస్తారు. ఇలాంటి మాట ఒక్క మనిషి నోట వినడానికి ఎన్ని ఊళ్ళు తిరిగానో. విని, లేచి, వరండాలోకి వెళ్ళిపోతాను.

ఆ రాత్రి దాన్ని వెచ్చబెట్టింది ఎవరో నాకు తెలియదు. నేను మాత్రం కాదు.