ఆవకాయ నూడుల్స్

తొంభైలలో కొత్తగూడెం బస్టాండు పక్క సందులో నాలుగు బల్లల నూడుల్స్ హోటలు ఉండేది. బూర్గంపాడు బస్సుకు ఇంకా టైముందని మా ఆయన నన్ను అక్కడికి తీసుకెళ్లాడు. నోటిదాకా వచ్చిన నూడుల్స్ ఫోర్కు నుంచి జారి పళ్లెంలో పడ్డాయి. "మంచిగ తిను, అందరు చూస్తున్నరు" అన్నాడాయన.

ఎదుటి బల్ల దగ్గర ఒకతను భార్యతో కూర్చున్నాడు. బొగ్గుబాయిలో షిఫ్టు దిగి వచ్చినట్టున్నాడు, కళ్ల చుట్టూ నలుపు ఇంకా పోలేదు. ఆమె ఫోర్కు పక్కన పెట్టి, సంచిలోంచి ఆవకాయ సీసా తీసి, నూడుల్స్‌లో వేసుకుని అన్నంలా చేత్తో కలిపింది. వెనక బల్లవాళ్లు కిసుక్కున నవ్వారు. ఆమె చెయ్యి ఆగిపోయింది.

అతను లేచి చెయ్యి కడుక్కొచ్చాడు. తన పళ్లెం అవతలికి నెట్టి, ఆమె పళ్లెంలోనే చెయ్యి పెట్టాడు.

"గిట్లనే మంచిగున్నయే. ఇంకింత కలుపు."

"గలీజు మనుషులు" అని గొణిగాడు మా ఆయన.

ఆమెది వెలిసిపోయిన చీర, మెడలో పసుపుతాడు. నా మెడలో రెండు వరసల గొలుసు. అయినా ఆమెను చూసి ఓర్వలేకపోయాను. నా చూపు గమనించి ఆమె సీసా ఇటు చాపింది.

"ఏసుకుంటవా అక్కా? ఉత్తయి సప్పగుంటయి."

"వద్దు" అన్నాను, ఆమె నన్నేదో తిట్టినట్టు.

ఇప్పుడు ఇంట్లో ఎవరూ లేనప్పుడు నూడుల్స్ చేసుకుని, ఆవకాయ వేసి చేత్తోనే కలుపుకుంటాను. రుచికి వంక పెట్టలేను. ఆ రోజు ఆమె పళ్లెంలో రెండు చేతులున్నాయి, అంతే.